పలుకని నటి, పలుకు లోకము

ఈ ప్రసంగమును వినుచున్న వారిలో చాలమంది చలనచిత్రములు మాటలాడ నేర్చిన పిదప పుట్టినవారే. మూకీ యనగానే మనకు తలపునకు వచ్చునది గబగబ నడచు మనుష్యులు, ఒక పొట్టి మీసము, గుండ్రని టోపీ, చేతికర్ర, అంతే. ఆ కాలమున మాట యన్నది లేకయే, కనుకొలకులతో, పెదవి విరుపుతో, వ్రేళ్ల కదలికతో ఒక బ్రతుకంతయు చెప్పగలిగిన నటీమణులు ఉండిరన్న సంగతిని మనము ఇంచుమించుగా మరచితిమి. అట్టివారిలో ఒకతెను గూర్చియు, ఆమె జీవితము ఆధారముగా వెలువడిన ఒక చిత్రమును గూర్చియు నేడు ముచ్చటింప దలచితిమి.

ఆమె పేరు రువాన్ లింగ్యు. చీనా దేశపు షాంఘై నగరమున 1910 లో జన్మించెను. అదే నగరమున 1935 మార్చి 8 వ తేదీన, ఇరువదియైదేండ్లు నిండకుండగనే, తన ప్రాణమును తానే తీసికొనెను. ఆ దినము అంతర్జాతీయ మహిళా దినము. ఆమె పోయిన 56 ఏండ్లకు, 1991 లో, హాంగ్‌కాంగ్ దర్శకుడు స్టాన్లీ క్వాన్ ఆమె కథను చిత్రముగా తీసెను. చీనా భాషలో ఆ చిత్రమునకు ఆమె పేరే పేరు. ఇతర దేశములలో దానిని 'సెంటర్ స్టేజ్' అందురు. రంగస్థలపు నడిమి చోటు అని అర్థము. రువాన్ పాత్రను ధరించినది మ్యాగీ చ్యుంగ్. ఆ నటనకు గాను 1992 లో బెర్లిన్ చిత్రోత్సవమున ఉత్తమ నటికి ఇచ్చు వెండి ఎలుగుబంటి బహుమానము ఆమెకు లభించెను.

మహావ్యక్తుల జీవితములను తెర కెక్కించువారికి కల చిక్కులు అందరును ఎరిగినవే. రువాన్ విషయమున మాత్రము ఒక అదనపు చిక్కు కలదు. ఆమె లోకుల మాటలకు బలియైన స్త్రీ. అట్టి స్త్రీ కథను మరల లోకులకు చెప్పుట యెట్లు? చెప్పినకొలది అదియు ఆ మాటలలో మరియొక మాటయే యగును గదా! ఈ చిత్రమును మేము ఒకటికి రెండు మారులు చూచుటకు కారణము ఇందలి నటన మాత్రమే కాదు. ఈ చిక్కును దర్శకుడు ఎదుర్కొనిన తీరు. దానిని గ్రహింపవలెనన్న ముందుగా ఆమె కథ కొంత తెలియవలెను.

తండ్రి ఒక చమురు కంపెనీలో పనివాడు. బిడ్డ పసితనముననే ఆయన గతించెను. తల్లి జాంగ్ అను సంపన్నుల యింట పనిమనిషిగా కుదిరి, కూతురిని బడికి పంపెను. ఆ యింటి కుమారులలో ఒకడు జాంగ్ దామిన్. లింగ్యుకు పదునారేండ్ల ప్రాయమున వారిరువురును కాపురము పెట్టిరి. పనిమనిషి కూతురు కోడలగుటను ఆ పెద్దింటివారు ఒప్పుకొనలేదు. అతనికి జూదము తప్ప వేరు వ్యాపకము లేదు. సంసారము గడువవలెను గదా! 1926 లో ఆమె మింగ్‌షింగ్ అను చిత్రసంస్థలో చేరెను. మరుసటి ఏట వచ్చిన తొలి చిత్రము పేరు 'పేరునకు మాత్రమే దంపతులు'. ఆ పేరు చదివినపుడు విధి యొక్కొక్కప్పుడు మరీ మోటుగా పరిహాసమాడునని మాకు అనిపించినది.

1930 లో ల్యాన్‌హ్వా అను క్రొత్త సంస్థ వెలసెను. చదువుకొన్న యువకులు, సంఘమున మార్పు కోరువారు అందు చేరిరి. రువాన్ నిజమైన ప్రతిభ అక్కడనే వెలికివచ్చెను. సున్ యు దర్శకత్వమున వచ్చిన 'అడవిపూలు' అను చిత్రములో ఆమె మంచు కురియు వేళ వీధిపాలైన తల్లి. పాలు లేక ఏడ్చు పసిబిడ్డకు తన వ్రేలు కొరికి ఆ రక్తము పట్టును. ఆ చిత్రము నేడు లేదు. 'సెంటర్ స్టేజ్' లో మ్యాగీ చ్యుంగ్ మంచుపై పరుండి, ఆ చలి ఒంటికి ఎట్లు పట్టునో తెలిసికొన జూచుచున్న రువాన్‌ను మన కన్నుల ముందు నిలుపును. తెర మీద మంచు కావలెనన్న దూది చల్లిన చాలునను రోజులవి. ఆమెకు అది చాలలేదు.

ఇచ్చట ఒక చిన్న ముచ్చట. మన తెలుగులో 'భక్త ప్రహ్లాద' 1932 లోనే పాటలతో, పద్యములతో తెరపైకి వచ్చెను. ఆ పిమ్మట మనకు మూకీల మీద మనసు పోలేదు. షాంఘైలో మాత్రము 1935 నాటికిని మూకీలు తీయుచునే యుండిరి. అవి పేదరికము వలన మిగిలిపోయిన రెండవ తరగతి చిత్రములు కావు. ఆ దేశపు చిత్రకళకు తలమానికములు. టాకీ యంత్రములు కొనుట ఖర్చుతో కూడిన పని. ఆపైన అంత పెద్ద దేశమున ఏ నుడి మాట్లాడిన ఎవరికి తెలియును? రువాన్ ఇంటి నుడి కాంటనీసు. టాకీలకు కావలసినది మాండరిన్. ఆమె మనసులోని ఆ బెంగ ఈ చిత్రములోను కనిపించును. నోరు విప్పకుండ కోట్ల జనమును ఏడ్పించిన యామెకు, నోరు విప్పవలసిన కాలము దగ్గరపడుచుండెను.

ఆమె చిత్రములలో శిఖరము వంటిది 1934 లో వచ్చిన 'దేవత'. చీనా భాషలో ఆ మాటకు రెండర్థములు: దేవత యనియు, వేశ్య యనియు. దర్శకుడు వూ యుంగ్‌గాంగ్ అంతవరకు సెట్టులు వేయించు కళాదర్శకుడు. దర్శకత్వమునకు ఇదియే మొదలు. కథలో నాయికకు పేరు లేదు. పగలు పసిబిడ్డకు తల్లి, రాత్రి వీధిలో నిలువబడు పడతి. వీధిలో ఆమె పాదములు మాత్రము కనబడును. ఇంకొక జత పాదములు వచ్చి ప్రక్కన నిలుచును. రెండు జతలును కలిసి నడచును. అంతే. అసభ్యత యన్నది లేదు, అర్థము కానిదియు లేదు. ఒకమారు పోలీసులకు భయపడి ఒక రౌడీ గదిలో దూరును. వాడు ఆమెను వదలడు. అప్పుడామె ఏడువదు, వేడుకొనదు. బల్ల మీద కూర్చుండి సిగరెట్టు వెలిగించును. ఆ కూర్చుండుటలో లొంగుబాటును కలదు, ధిక్కారమును కలదు. ఏది యెంత యని తూచి చెప్పుట మా వల్ల కాదు.

ఆ చిత్రములోనే బడిలో పిల్లల వేడుక ఒకటి వచ్చును. తన కొడుకు పాడుచుండగా ఆ తల్లి ముఖము వికసించును. అదే సమయమున వరుసలో కూర్చున్న ఒక యిల్లాలు ప్రక్కనున్న యిల్లాలి చెవిలో ఏదో చెప్పును. ఆమె ఆ ప్రక్క యామెకు చెప్పును. కెమెరా ఆ మాట వెంబడి చెవి నుండి చెవికి నడచును. మనకు ఒక్క అక్షరమును వినబడదు. అయినను అంతయు వినబడును. మాట లేని చిత్రకళ లోకుల మాటను ఇంతగా పట్టి చూపిన తావు మరియొకటి మాకు తెలియదు. బిడ్డను బడి నుండి వెళ్లగొట్టుదురు. ఆ బడి పెద్ద ఒక్కడు ఆమె పక్షమున నిలిచి, ఆ కొలువే విడుచును.

ఆ తరువాతి సంవత్సరము 'నవ వనితలు' వెలువడెను. దర్శకుడు త్సాయ్ చూషెంగ్. ఆయన ఈ కథను వట్టి ఊహ నుండి అల్లలేదు. ఆయ్ షియా అను యువతి, నటి, రచయిత్రి, 1934 లో ఆత్మహత్య చేసికొనెను. ఆమె చనిపోయిన పిమ్మట గూడ పత్రికలు ఆమె శీలమును గూర్చి వ్రాయుట మానలేదు. 'నవ వనితలు' కథానాయిక సంగీతము చెప్పు ఉపాధ్యాయిని, రచయిత్రి. ధనికుని కోరిక కాదన్నందున ఉద్యోగము ఊడును, బిడ్డకు జబ్బు, చేతిలో కాసు లేదు. చివరకు ఆమె చావనెంచును, పత్రికావిలేఖరి ఆ చావునే వార్తగా అమ్ముకొనును. ఆసుపత్రి పడక మీద ఆమెకు బ్రతుకు మీద ఆశ పుట్టును. బ్రతుకవలెనని ఆక్రోశించును. మూకీ గనుక ఆ కేక అక్షరములై తెర మీద పెరుగుచు వచ్చును. అప్పటికి కాలము మించిపోవును.

షాంఘై విలేఖరుల సంఘము భగ్గుమనెను. తమ వృత్తిని కించపరచినారని, ఆ దృశ్యములు తొలగింపవలెనని, క్షమాపణ కావలెనని పట్టుబట్టెను. సంస్థ లొంగి కత్తిరించెను, క్షమాపణ చెప్పెను. అయినను కసి తీరలేదు. అంతలో జాంగ్ దామిన్ కోర్టు కెక్కెను. రువాన్ అతనికి నెలనెలా డబ్బిచ్చు ఒడంబడికతో విడిపోయి, తాంగ్ జీషాన్ అను తేయాకు వర్తకునితో నివసించుచుండెను. పాత కాపురము, క్రొత్త కాపురము, తల్లి చేసిన పనిమనిషి పని, అన్నియు వీధి పత్రికలకు మేతయైనవి. విచారణకు ముందే ఆమె కన్నుమూసెను. తెర మీద ఆయ్ షియా కథను నటించిన స్త్రీ అదే కథను ఇంటిలో ముగించెను. మార్చి 14 న జరిగిన అంత్యయాత్రకు షాంఘై వీధులు పట్టనంత జనము వచ్చిరట. ఆ జనములో ఆ పత్రికలు కొని చదివినవారు ఎందరుండిరో!

ఆమె వ్రాసినదని ప్రకటింపబడిన లేఖలో ఒక మాట జగత్ప్రసిద్ధమాయెను: లోకుల మాట భయంకరమని. చీనావారికి అది తరతరాల నుండి వచ్చిన నానుడి. మనవారును లోకులు కాకులని యందురు. కాని కాకి అరచి యెగిరిపోవును, లోకులు వ్రాలిన కొమ్మ వదలరు. ఆ లేఖ నిజముగా ఆమె వ్రాసినదేనా యన్న సందేహము గలదు. ఆ వసంతముననే వేరొక చిన్న పత్రికలో వేరు లేఖలు అచ్చయినవి. వానిలో ఆ నానుడి లేదు, తాంగ్ పైన కఠినమైన మాటలు కలవు. ఏది నిజమో పండితులు నేటికిని తేల్చలేదు. ఆమె చివరి మాటను గూడ ఎవరో మార్చియుండిరేమో యన్న అనుమానము మిగిలినది. చీనా మహారచయిత లూ షున్ ఆ నానుడినే శీర్షికగా జేసికొని ఒక వ్యాసము వ్రాసెను. పత్రికలకు అంత బలము లేదని వాదించినవారికి ఆయన సమాధానము సూటియైనది: బలవంతుని ముందు పత్రిక దుర్బలము కావచ్చును, కాని రువాన్ వంటి స్త్రీ ముందు దానికి కావలసినంత బలము కలదు.

ఇక క్వాన్ చిత్రమునకు వత్తము. రెండున్నర గంటలకు పైబడిన ఈ చిత్రములో మూడు పొరలున్నవి. మొదటిది రంగులలో, మ్యాగీ చ్యుంగ్ రువాన్‌గా నటించిన కథ. రెండవది రువాన్ చిత్రములలో మిగిలిన అసలు తునుకలు. మూడవది నలుపు తెలుపులో, దర్శకుడును నటీనటులును కూర్చుండి రువాన్‌ను గూర్చి మాటలాడుకొనుట. నాడు ఆమెతో కలిసి పనిచేసిన లీ లీలీ, చెన్ యాన్‌యాన్ వంటి వృద్ధనటీమణుల జ్ఞాపకములును అందు కలవు. ఆదిలోనే దర్శకుడు మ్యాగీని అడుగును: అర్ధశతాబ్దము తరువాత జనులు నిన్ను తలచుకొనవలెనని నీకున్నదా? అది అంత ముఖ్యము కాదని ఆమె బదులిచ్చును. తలచుకొన్నను రువాన్‌ను తలచుకొన్నట్లు కాదనియు, ఆమె కీర్తి నడినెత్తిన నున్నపుడు పోయి కథగా మారినదనియు చెప్పును. నటి కపటము లేకుండ పలికిన మాటలవి.

మాకు నచ్చినది ఇదియే. పోయిన చిత్రముల దృశ్యములను క్వాన్ మరల తీసి చూపును. చూపుచు, ఇది నేడు దొరకదని తెర మీద వ్రాసి చెప్పును. దొరకినచోట మ్యాగీ నటన ప్రక్కనే అసలు రువాన్‌ను నిలుపును. అనగా పోలికకు తానే చోటిచ్చును. మ్యాగీ నాజూకుగా, పొడవుగా, నిబ్బరముగా ఉండును. రువాన్ ముఖమున ఎప్పుడును ఒక అలసట, ఒక తడి. ఇరువురును ఒకటి కారు. కారని దర్శకుడు దాచలేదు. ఇది నాకు తెలిసినది, ఇది నేను ఊహించినది, ఇది పోయినది అని వేరువేరుగా చెప్పుట వీధి పత్రికకు చేతకాని పని. అదియే ఈ చిత్రము చేసిన పని.

ఒక ఘట్టము చెప్పక తప్పదు. 'నవ వనితలు' చివరి దృశ్యమును చిత్రించుచున్నారు. రువాన్ ఆసుపత్రి పడకపై ఆక్రోశించును. షాటు ముగియును. దీపములు ఆరినను ఆమె దుప్పటి ముఖము మీదికి లాగుకొని వెక్కివెక్కి ఏడ్చుచునే యుండును. దర్శకుడు త్సాయ్, ఆ పాత్రలో టోనీ లెయుంగ్ కా-ఫాయ్, పడక ప్రక్కన మౌనముగా కూర్చుండును. మనము ఈ దుఃఖములో మునిగియుండగా కెమెరా వెనుకకు జరుగును. రంగు పోయి నలుపు తెలుపగును. పడక మీద ఏడ్చుచున్నది మ్యాగీ. చుట్టును 1991 నాటి స్టూడియో. తెర వెనుక నుండి క్వాన్ గొంతు టోనీతో చెప్పును, దుప్పటి ఎత్తి మ్యాగీని చూడుట మరచితివని. ఆయ్ షియా దుఃఖమును కథానాయిక, కథానాయిక దుఃఖమును రువాన్, రువాన్ దుఃఖమును మ్యాగీ. ఒకరి కన్నీరు ఒకరు తుడువబోయి తామే ఏడ్చిన స్త్రీలు. ఆ దుప్పటి క్రింద ఎవరున్నారో ఎత్తి చూచుటకు ఎవరికిని చేతులు రాలేదు.

చిత్రమున లోపములు లేవని మేము చెప్పబోము. త్సాయ్ చూషెంగునకు రువాన్‌పై మమకారముండెననియు, ఆమె తనను దూరముగా తీసికొనిపొమ్మని అడుగగా అతడు ధైర్యము చేయలేకపోయెననియు చూపిరి. దీనికి గట్టి ఆధారమేమో మాకు కనబడలేదు. లోకుల మాటను ఖండించు చిత్రము తానును ఆ చోట కొంత చెవికొరుకుడునకు దిగినదని మా అభిప్రాయము. కూతురి కొరకు ఇంటింట పాచి పని చేసిన ఆ తల్లిని, రువాన్ పెంచుకొన్న చిన్న కూతురిని కథ మూలకు త్రోసినది. ఈ ఇరువురి పక్షమున ఆలోచించినచో చివరి రాత్రి ఇంకొక రీతిగా కనబడియుండెడిది. దర్శకునికి అచ్చటి విందులు, నృత్యములు, పట్టుగౌనులు, దీపకాంతులు మరీ నచ్చినట్లున్నవి. షాంఘై ఆకలి తెర అంచుననే నిలిచిపోయెను.

ఈ చిత్రమును చూచునప్పుడు తెలుగువారికి 2018 లో నాగ్ అశ్విన్ తీసిన 'మహానటి' గుర్తురాక మానదు. సావిత్రి టాకీల నటియైనను, ప్రేక్షకుల ప్రేమకును వారి నాలుకలకును మధ్య నలిగిన తీరు ఒకటే. అందును పత్రికావిలేఖరులే కథను వెదకుచు పోవుదురు. కాని కీర్తి సురేశ్ తానే సావిత్రి యని మనల నమ్మించుటకు ఆ చిత్రము సర్వశక్తులను ఒడ్డినది, నమ్మించినది. క్వాన్ దారి వేరు. నమ్ముచున్న మనల భుజము తట్టి, ఈమె ఆమె కాదు సుమా అని మరల మరల గుర్తుచేయును. మొదటిది గుండె నింపును, రెండవది నిద్ర చెరచును. ఏది మేలని అడిగిన, ప్రచార పత్రముల వలన చనిపోయిన స్త్రీ విషయమున రెండవదియే తగినదని చెప్పుదుము.

రువాన్ నటించిన చిత్రములు ముప్పదికి కొంచెము తక్కువ. వానిలో మిగిలినవి మూడవ వంతునకు అటునిటు. యుద్ధము, నిప్పు, నిర్లక్ష్యము కలిసి మిగిలినవానిని మ్రింగినవి. మన దేశపు మూకీలకు పట్టిన గతియు అదియే. ఈ చిత్రమును చూడగోరు శ్రోతలు ముందుగా 'దేవత' ను చూచుట మేలు. గంటన్నర కూడ లేదు, భాష రానక్కరలేదు. దాని పిదప 1931 నాటి 'ప్రేమయు ధర్మమును' అను చిత్రము. చాలకాలము పోయినదనుకొన్న దాని ప్రతి 1990 దశకమున ఎక్కడనో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున దొరకెను. అందు రువాన్ తల్లిగాను, కూతురుగాను రెండు వేషములు వేసెను. తల్లి వేషమున కన్నెప్రాయము నుండి నెరసిన వెండ్రుకల వరకు, వంగిన నడుము వరకు నటించెను. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు.